కొంగలొచ్చిన పెళ్లి

తిప్పక్క అని ఒక పిల్ల, పన్నెండేళ్లుంటాయి అనుకో, ఎర్రవంకపల్లెలో ఉండేదంట. అమ్మా నాయనా లేరు, వాళ్ల జేజే, అంటే అవ్వే, సాకింది. ఆ జేజి పేరు ఈరమ్మ, ఊరికంతటికీ మంత్రసాని. ఆ ఊర్లో ఏ బిడ్డ పుట్టినా మొదట పట్టుకునింది ఆయమ్మ చెయ్యే. ఇంగ ఆ ఊరి చుట్టూ ఏముండాయంటే చింతమాన్లు. ఏ పక్క చూసినా చింతమాన్లే, ఊరికి నీడంతా అవే. మాఘమాసం వస్తానే, యాడ్నుంచి వస్తాయో ఏమో, ఆ మాన్ల మీదికి ఎర్రకాళ్ల కొంగలు వచ్చేవంట. బో పెద్దవి, నిలబడితే మనిషి నడుముకొస్తాయి. పసుప్పచ్చ ముక్కు, తెల్లటి ఒళ్లు, తోకకాడ గులాబి రంగు, కొత్త చీరకు అంచు ఉంటాది చూడు, అట్లా. వచ్చి గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని చేసుకోని, తొలకరికి ఆ పిల్లల్ని ఎంటబెట్టుకోని పోయేవి. ఒరే, ఆ చెనిక్కాయలు ఒలిచి తట్టలో ఎయ్యండ్రా, నోట్లో కాదు. చూస్తానే ఉండా నేను.

ఆ కొంగల్ని ఈరమ్మ ఎప్పుడూ కొంగలు అని అనేది కాదంట. 'మన ఆడపిల్లలు, పుట్టింటికి కాన్పుకొచ్చినారు' అనేది. మొదటి కొంగ దిగిన దినం తలకు పోసుకోని, పసుపూ కుంకమా ఎత్తుకపోయి ఆ మాను మొదట్లో పెట్టి, తల పైకెత్తి, 'వస్తిరా తల్లీ, బాగుండారా, దావలో ఏం కాలేదు గదా' అని పలకరించేది. అవి ఉన్నన్నాళ్లు ఆ మాన్ల కాయ ఎవరూ రాల్చేవాళ్లు కాదు. చింతకాయ మాగి యాలాడతా ఉన్నా సరే, కట్టె ఎత్తేవాళ్లు కాదు. బాలింత పండుకోనుంటే మిద్దె మీదెక్కి దబదబ తొక్కుతామా, అనేది ఈరమ్మ. ఒకనాడు తిప్పక్క అడిగిందంట, జేజీ, మనం ఇంత చేస్తాండాం గదా, అవి మనకేమిస్తాయి అని.  జేజి మాను కిందికి పిల్చకపోయి, పిడికెడు మన్ను తీసి ఆ పిల్ల చేతిలో పెట్టి, వాసన చూడు అనింది. 'ఛీ, కంపు జేజీ.' 'ఆ కంపే మ్మే మన చేన్లో రాగి అయింది. నువ్వు పొద్దున తిన్న సంగటి అదే. అవి పైనుంచి రెట్టలేస్తాయి, మనం ఈ మన్ను తట్టలకెత్తి చేన్లకు తోల్తాం. ఇంగేమియ్యాల అవి? ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు ఒక్కసారి అవిట్ని తల్చుకో, చాలు' అనింది. ఆ పొద్దు నుంచి తిప్పక్క ముద్ద ముట్టుకునే ముందర మాన్ల తట్టు చూసి దండం పెట్టుకునేదంట.

ఇట్లుండగా ఏమైందంటే, ఈరమ్మకు ముసలితనం వచ్చె. కండ్లు ఆనవు, కాళ్లు కదలవు, మంచానికంటుకుని పోయె. ఊర్లో కుర్రోళ్లకు చెప్పేవాళ్లు లేకపోయిరి. పెద్దకాపు కొడుకు బండప్ప అని ఒకడుండె, పదైదేండ్లోడు. వడిసెల తిప్పినాడంటే పారే ఉడతను పడగొట్టేటోడు. వాని ఎనకాల పదిమంది. ఆ ఏడు కొంగలొచ్చి, గూళ్లు కట్టి, పిల్లలయినాయి, ఇంగా కండ్లు తెరిచి వారమో పది దినాలో అయింటాది. బండప్ప రచ్చబండ కాడ నిలబడి ఏమన్నాడంటే, 'చింతపండు పోయె, ఈదంతా కంపాయె, పొద్దు మొలిస్తే పిల్లల రొద. ఏం ఒరిగింది మనకు? తరిమేస్తాం రాండ్రా' అన్నాడంట. పెద్దోళ్లు ఆడే కూర్చోనుండారు, పిల్లోళ్లు గదా అని నవ్వినారు. నవ్వినారే గానీ ఒక్కరన్నా వద్దనలే. తిప్పక్క మాత్రం పోయి అడ్డం నిలబడింది. 'బండన్నా, బాలింతలన్నా, కొట్టొద్దన్నా' అనింది. వాడు నవ్వి, 'కొంగల్లో బాలింతలేంది మ్మే, మీ జేజికి మతి పోయింది, నీకూ పోయింది' అని పక్కకు తోసేసినాడు.

ఇంగ చూడు, పదకొండు వడిసెలలు ఒక్కసారిగా తిరిగినాయి. రాళ్లు పోయి కొమ్మల్లో పడతాంటే, కొంగలన్నీ లేచినాయి. పెద్ద కొంగలకు గొంతు లేదు, తెలుసా మీకు? అరవలేవు. ముక్కులు టకటకటక కొట్టుకుంటా లేచినాయంట. ఊరి మీద మబ్బు కమ్మినట్టయింది. మూడు సుట్లు తిరిగినాయి. తిరిగి, పడమర మొగాన పోయినాయి. పోయినాయంటే పోయినాయి. బండప్ప వడిసెల నడుముకు చుట్టుకోని, పీడ వదిలింది అన్నాడు. అయితే ఏమైందంటే, మాన్ల మీద పిల్లలుండిపోయినాయి గదా. రెక్కలు రాలే, ఒంటి మీద దూదిమాదిరి తెల్లటి బొచ్చు అంతే. పొద్దు ఎక్కింది, ఎండ ముదిరింది, అవి అరిచేదానికి మొదలుపెట్టినాయి. మేకపిల్లల్ని తల్లుల్నుంచి ఎడం చేస్తే అరుస్తాయి చూడు, అట్లా. ఊరిచుట్టూ అరుపే. ఇండ్లల్లో బాలింతలు చెవులు మూసుకున్నారంట, అట్లా ఉండె ఆ అరుపు.

మంచంలో ఉన్న ఈరమ్మ వినింది. 'తిప్పీ, ఆ తల్లులేమైనాయి మ్మే' అని అడిగింది. ఆ పిల్ల ఏడ్సుకుంటా చెప్పింది.  ముసలామె ఆ పిల్ల చెయ్యి పట్టుకోని, 'తల్లి చచ్చిన బిడ్డల్ని నేను ఎంతమందిని బతికించినానో నీకు తెలీదు. ఏడుపు ఆపి, కుంటకు పో. చేతెడు చేపలు కాదు, ఏలంత చేపలు పట్టకరా' అనింది. తిప్పక్క పాత చీర ఒకటి తీసుకోని, ఈడుజోడు పిల్లోళ్లను నలుగురిని పిల్చుకోని పోయి, చీర చెరొక కొస పట్టి కుంటలో దేవి, ముంత నిండా చిన్నచేపలు తెచ్చింది. మానెక్కింది. గూట్లో మూడు పిల్లలు. చేప ముక్కుకాడ పెడితే తినవు, అరుస్తానే ఉంటాయి. నోరు తెరిచి పెడదామంటే పొడుస్తాయి. చేతులంతా రకతం. దిగొచ్చి, జేజీ తినడం లే, సచ్చిపోతాయి అని మొత్తుకునింది. అప్పుడు జేజి చెప్పిందంట, 'తల్లి నోట్లో పెట్టదు మ్మే, గూట్లో కక్కుతాది. చేపలు గూడు అడుగున పొయ్యి. పోసేటప్పుడు తల్లి వచ్చినట్టు వాటికి తెలియాల గదా. ముక్కు చప్పుడు చెయ్యి.' ముక్కు చప్పుడెట్లా చేసేది? ఇంట్లో సంగటి గెలికే కట్టెలు రెండుండె. అవి నడుముకు దోపుకోని మళ్లా ఎక్కింది. టకటకటక కొట్టి, చేపలు అడుగున కుమ్మరించింది. మూడు పిల్లలూ అరుపు ఆపినాయి. తలలొంచినాయి. తిన్నాయి! ఆ పిల్ల మాను మీద్నుంచి 'తిన్నాయి జేజీ, తిన్నాయి!' అని కేకేస్తే ఊరి ఆ కొసకు వినపడిందంట.

ఆ కేక విని పిల్లోళ్లంతా వచ్చినారు. ఒకింటి నుంచి ఇద్దరు, ఇంకో ఇంటి నుంచి ముగ్గురు, అట్లా ఊర్లో ఉండే పిల్లామేకా అంతా. కొందరు చేపలు పట్టేది, కొందరు మానెక్కేది. కొంగపిల్లలు ఎన్నుండాయంటే డెబ్బై ఉండాయి. మధ్యాన్నం ఎండకు తల్లి కొంగ రెక్కలు చాపి పిల్లల మీద నిలబడతాది, గొంతులో నీళ్లు తెచ్చి వాటి మీద పోస్తాది. ఇది కూడా ఈరమ్మే చెప్పింది, ఏండ్ల తరబడి చూసినామె గదా. అందుకని పిల్లోళ్లు కొమ్మలకు చాటలు కట్టినారు, గోతాలు తడిపి కప్పినారు. అమ్మలు మొదట్లో తిట్టినారంట, చాటలన్నీ మాన్ల మీదుంటే బియ్యం దేంట్లో చెరగాల అని. తిట్టి తిట్టి, కడాకు వాళ్లే పాత చాటలు తెచ్చిచ్చినారు.

ఇంగ బండప్ప. వాడు ఏం చేసినాడంటే, మూడో దినం మిటమిటలాడే ఎండలో, తన సావాసగాళ్లతో ఎకసెక్కాలాడేదానికి వచ్చినాడు. 'ఏం మంత్రసానీ, ఎన్ని కాన్పులు చేస్తివి ఈ పొద్దు' అంటా, పైనున్న తిప్పక్కను చూసి, మాను కింద నిలబడినాడు. అప్పుడే పైనుంచి గూట్లో పిల్ల ఒకటి జారి, కొమ్మలు తగులుకుంటా వచ్చి వాని ముందర పడింది. చావలే. లేచింది. ఎండకు మన్ను కాల్తా ఉంది. అది అటూ ఇటూ చూసి, తడబడుకుంటా పోయి వాని నీడలో, రెండు కాళ్ల మధ్యన కూర్చునింది. వాడు ఒక అడుగు పక్కకేసినాడు. అదీ జరిగింది. ఇంకో అడుగేసినాడు. అదీ ఏసింది. తల ఎత్తి వాని మొగంలోకి చూసింది. సావాసగాళ్లు పడీ పడీ నవ్వినారు. 'రారా బండప్పా, పోదాం' అన్నారు. వాడు కదల్లే. 'రారా!' 'యాడికి రావాలరా? నేను జరిగితే దీనికి ఎండ తగలదా?' అన్నాడంట. చూడండి, ఆ మాట వాని నోట్లోంచి వచ్చినాక వాడే బిత్తరపోయినాడు. తిప్పక్క మాను దిగేదానికి శానా సేపే పట్టింది. అంతసేపూ ఆ పెద్దకాపు కొడుకు చెమటలు కారతాంటే మొద్దులాగా నిలబడే ఉన్నాడు. తిప్పక్క వచ్చి పిల్లను ఎత్తుకుంటే, 'తిప్పీ, నేనేం చెయ్యాల చెప్పు' అని అడిగినాడు. ఆ పిల్ల ఊరికే వదుల్తాదా? 'నువ్వు మాను ముట్టుకోవద్దు. నీ చెయ్యి చూస్తే వాటికి బయం. బాయి నుంచి నీళ్లు మొయ్యి' అనింది. మోసినాడు. కావడి భుజాన పెట్టుకోని, భుజం పుండయినా, దినామూ మోసినాడు. పది దినాలు చూసి అప్పుడు మానెక్కనిచ్చింది.

మళ్లా ఒక కష్టమొచ్చె. పిల్లలు పెద్దయ్యేకొద్దీ తిండి పెరిగింది, కుంటేమో ఎండకు ఇంకిపోయింది. పక్కూరు గుడిమడుగులో లోతైన మడుగుంది, చేపలుండాయి. దానికి కావిలి పెద్ద నాగప్ప అని ఒక ముసలాయన. పిల్లోళ్లంతా పోయి దండం పెడితే, ఆయన మీసం దువ్వుకుంటా, 'తల్లుల్ని తరిమింది మీ ఊరే గదా, పిల్లల్ని మేము మేపాల్నా?' అన్నాడంట.  బండప్ప ముందుకొచ్చి, 'తరిమింది ఊరు కాదు తాతా, నేను. నాకు ఏం శిక్ష ఏస్తావో ఎయ్యి, పిల్లలకు చేపలియ్యి' అన్నాడు. ముసలాయన వాన్ని కింద్నుంచి పైదాకా చూసినాడు. 'మడుగులోకి నీళ్లొచ్చే కాలవ ఉంది, మూడేండ్లుగా పూడిపోయింది. అది తీసిపెట్టండి, కావాల్సినన్ని పట్టుకోండి' అన్నాడు. సగం మంది చేపలు మోస్తా, సగం మంది కాలవ తీసినారు. బండప్ప సావాసగాళ్లు గూడా సిగ్గుపడి పారలెత్తుకోని వచ్చినారు. తొమ్మిది దినాలు. మన్ను తీస్తే దాని కింద ఎప్పుడో పెద్దోళ్లు పరిచిన రాళ్లు బయటపడినాయి. నాగప్ప వచ్చి చూసి, మీసం దువ్వేది మర్చిపోయినాడంట.

రెక్కలొచ్చినాయి పిల్లలకు. కానీ ఎగిరేది ఎవరు నేర్పాల? ఎండిన కుంటలోకి దించి, వాటి ముందర చేతులు ఆడించుకుంటా పరిగెత్తినారు పిల్లోళ్లు. బండప్ప పంచె ఎగ్గట్టి, రెండు చేతులూ చాపి, ధబధబ పారుతాంటే ఊరోళ్లు గట్టు మీద కూర్చోని కడుపులు పట్టుకోని నవ్వినారు. నవ్వనీ. అయిదో దినం ఒకటి లేచింది. దాని ఎనకాల రెండు, నాలుగు, పది. తొలకరి చినుకు పడిన పొద్దున డెబ్బై కొంగలూ చింతమాన్ల పైకి లేచినాయి. ఈరమ్మను మంచంతో సహా బయటికి మోసుకొచ్చినారు. 'సారె పెట్టకుండా పంపుతారా మ్మే ఆడపిల్లల్ని' అనింది ఆయమ్మ. పసుపు గుడ్డ కొమ్మకు కట్టి, మాను మొదట్లో ఒడిబియ్యం పోసినారు. మూడు సుట్లు తిరిగి పోయినాయి. ఈరమ్మ ఆ ఏడే కాలం చేసింది, నిశ్చింతగా.

మరుసటి ఏడు మాఘం వచ్చింది. కొంగలు రాలే. రెట్టల మన్ను లేక రాగి మోకాలెత్తు కూడా లేవలే. పెద్దోళ్లకు అప్పుడు గుండెలో రాయి పడింది. ఆ పొద్దు రచ్చబండ మీద నవ్వినోళ్లే, 'మనం ఎందుకు వద్దనలేదురా' అని ఒకరినొకరు అడిగినారు. రెండో ఏడూ రాలే. మూడో ఏడూ రాలే. అయినా పిల్లోళ్లు వదల్లే. మాఘం వస్తానే కాయ రాల్చకుండా కాపలా ఉండేది, ఎండిపోయిన మాను చోట కొత్త మొక్క నాటేది, గుడిమడుగు కాలవ చూసినోళ్లు గదా, వాళ్ల కుంటకూ అట్లాంటి కాలవే తవ్వి నీళ్లు నిలబెట్టినారు. తిప్పక్కను చూసి అందరూ ముద్ద ముట్టే ముందు మాన్లకు దండం పెట్టేది నేర్చుకున్నారు. రాని కొంగలకు దండమేందిరా అంటే, 'మేము తిన్న సంగటికి పెడతాండాం' అనేవాళ్లంట.

నాలుగో ఏడు మాఘంలో బండప్పకు పెళ్లి కుదిరింది. పిల్ల ఎవరంటే ఆ నాగప్ప మనవరాలే, పేరు నీలావతి. కాలవ తీసేటప్పుడే ఆ ముసలాయన కన్నేసి పెట్టినాడు. పెద్దకాపు ఇంట్లో పెళ్లంటే మాటలా? నాలుగూర్ల తప్పెట్లు, కొమ్ములు, సన్నాయిలు. పందిరేసినారు. పెళ్లికూతుర్ని బండ్ల మీద ఊరి పొలిమేరకు తెచ్చినారు. ఎదుర్కోల మేళం, తప్పెటోళ్లు కట్టెలు పైకెత్తినారు. అప్పుడు, సరిగ్గా అప్పుడు, తిప్పక్క పరిగెత్తుకోని వచ్చి, నోరు తెరవకుండా, పైకి చూపించింది. చింతమాను చిటారు కొమ్మన ఒకే ఒక ఎర్రకాళ్ల కొంగ.

బండప్ప రెండు చేతులూ ఎత్తి, 'ఆపండి!' అన్నాడు, గుసగుసగా. కట్టెలు పైనే ఆగినాయి. ముందొచ్చేది ఒకటే, అది చూసుకోని, బయం లేదనుకుంటేనే మిగతావి దిగుతాయి. అది వాళ్లకందరికీ తెలుసు. 'మేళం లేదు. తప్పెట్లు లేవు. మాట కూడా మెల్లగా' అన్నాడు పెళ్లికొడుకు. పెళ్లికూతురి మేనమామలు ఎగిరిపడినారు. 'మేళం లేకుండా మా పిల్లను తోలకపోతారా? సావింట్లో కూడా తప్పెట కొడతారే! బండ్లు తిప్పండ్రా' అన్నారు, గట్టిగా అనేదానికి లేక పండ్లు కొరుక్కుంటా. నాగప్ప మనవరాలి తట్టు చూసినాడు. ఆ పిల్ల బండిలో తలొంచుకోని కూర్చోనుండె. తలెత్తి మాను మీదికి చూసింది. చూసి మేనమామలతో ఏమనిందో తెలుసా? 'మామా, మా అత్తగారింటికి నా ఆడబిడ్డలు వచ్చినారు. కొత్తకోడల్ని, నేను ఎదురు పోవద్దా?' అనింది. అని, వంగి కాళ్ల పట్టీలు విప్పి కొంగులో మూట కట్టింది, గాజులు పైకి జరిపి బిగబట్టింది, చప్పుడు కాకుండా బండి దిగి, ఉత్త కాళ్లతో మన్ను మీద నడిచింది.  మేనమామలూ చెప్పులు చేతిలో పట్టుకోని ఎనకాల నడిచినారు.

నాలుగూర్ల జనం, వెయ్యి మంది పైమాట, ఒక్క చప్పుడు లే. ఎద్దుల గంటల్లో గుడ్డలు కుక్కినారు. అయ్యవారు మంత్రాలు పెదాలతోనే చదివినాడు. చంటిబిడ్డలు ఏడుస్తారేమో అని తల్లులు పాలిస్తానే ఉన్నారు. బండప్ప తాళి ఎత్తినాడు. గట్టిమేళం అనాల్సిన చోట అయ్యవారు ఏలు ఎత్తి చూపించినాడు, జనమంతా అక్షింతలు ఎత్తి పట్టుకున్నారు. మొదటి ముడి ఏసినాడు, పడమర ఆకాశంలో ఒక గీత కనపడింది. రెండో ముడికి ఆ గీత మబ్బయింది. మూడో ముడికి చింతమాన్ల మీద కొంగలు దిగతాండాయి. డెబ్బై అనుకున్నారా? పోయింది డెబ్బై, వచ్చింది ఏడెనిమిది వందలు. యాడెక్కడి కొంగల్నో పిల్చుకోనొచ్చినాయి. రెక్కల గాలికి పందిట్లో ఆకులు గలగలమన్నాయి. అన్నీ దిగి కుదురుకున్నాక, ముక్కులు కొట్టినాయి. ఒక మాను మీద మొదలై, ఊరంతా సుట్టి, టకటకటకటక! నాలుగూర్ల తప్పెట్లు కలిపి కొట్టినా అంత మేళం కాదంట అది. అప్పుడేసినారు అక్షింతలు. నాగప్ప ముసలాయన మీసం తడిసిపోయింది. పెద్దకాపు లేచి, అంత మంది ముందర, మంత్రసాని మనవరాలి కాడికి పోయి చేతులు జోడించినాడు. 'ఆ పొద్దు నేను నవ్వినా మ్మే' అన్నాడు.  తిప్పక్క మాత్రం పెద్దకాపును చూడలే, మాను మొదట్లో నిలబడి, పసుపు చేత్తో పట్టుకోని, తల పైకెత్తి, 'వస్తిరా తల్లీ, బాగుండారా' అని అడుగుతా ఉంది.

అదీ ఆ ఊరి సంగతి. ఆ ఏడు రాగి మనిషెత్తు లేచింది. ఇప్పటికీ ఆ ఊర్లో మాఘంలో పెళ్లంటే మేళముండదు. కానీ తప్పెటోళ్లను పిలుస్తారు, ముందు వరసలో కూర్చోబెడతారు, కొట్టకుండా ఉన్నందుకు కొత్త పంచెలు పెడతారు. నేను కూడా పోయినా ఒకసారి, మా మేనత్త మనవడి పెళ్లికి. అతిరసాలు పెట్టినారు, చెక్కలు పెట్టినారు. ఇంత కూడా లేని ఒక పిల్ల, నీ అంత ఉంటాది చూడు, నా కాడికొచ్చి చెవిలో, 'అవ్వా, పైన బాలింతలుండారు, చెక్కలు మెల్లగా నములు' అనింది. నాకు నోట్లో ఒక్క పన్ను లే. అయినా ఆ పిల్ల మొగం చూసి, మెల్లగానే నమిలినా.